చేతులు కడుక్కోమని అడగడానికి మొహమాటం ఎందుకు?

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది మల్కాజ్‌గిరి. మా అమ్మకు 58 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఛాతీ దగ్గర పర్మ్‌క్యాత్ (డయాలిసిస్ కోసం పెద్ద రక్తనాళంలోకి వేసే పైపు) ఉంది. పోయిన నెల మిషన్ మీద ఉండగానే చలి పుట్టి వణికిపోయింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని అడ్మిట్ చేసుకున్నారు. సెంటర్లో ఒక్కోసారి చేతులు కడుక్కోకుండానే పైపు పట్టుకుంటున్నారు. అంటే ఏమనుకుంటారోనని ఊరుకుంటున్నాం. పైగా శుక్రవారం తలస్నానం మాననని అమ్మ పట్టు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ మొహమాటం వదిలేయి బాబూ. ఆ పైపు రెండో కొస మీ అమ్మ గుండె దగ్గరుంటుంది. మూత తీసిన కాసేపూ బయటి క్రిములకీ ఆవిడ రక్తానికీ మధ్య అడ్డేమీ ఉండదు. ఐసీయూలో పేషెంటు తాలూకు వాళ్లు చేతుల సంగతి అడిగితే మాకూ చిరాకేసేది. చిరాకుపడుతూనే కడుక్కునేవాళ్లం. నీకు కావలసిందీ అదే కదా! శానిటైజర్ సీసా చేతిలో పట్టుకుని "సిస్టర్, ఇదిగోండి" అను, చాలు.

తర్వాత ఆ సిస్టర్ చేతుల్నే గమనించు. కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. మూత తీసేటప్పుడు ఆవిడకూ అమ్మకూ మాస్కు ఉండాలి. మూత తీశాక పైపు మూతిని, మరలతో సహా, మందు స్వాబ్‌తో గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. ఆరకముందే ట్యూబు తగిలిస్తే రుద్దిందంతా దండగ. తొందరలో ఎగిరిపోయేది ఈ ఆరబెట్టడమే.

ఇలాంటి పైపుల (ఐసీయూలో 'లైన్' అంటాం) వల్ల రక్తంలో వచ్చే ఇన్‌ఫెక్షన్ల మీద అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఐసీయూల లెక్కలు 2006లో అచ్చయ్యాయి. డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం కొత్త మందేమీ తేలేదు. చేతులు కడగడం, లైన్ వేసేటప్పుడు పేషెంటును నిండా స్టెరైల్ గుడ్డతో కప్పడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు పూయడం, వీలైతే తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం, అంతే. తప్పు జరిగితే డాక్టర్నైనా ఆపమని నర్సులకు అధికారమిచ్చారు. వెయ్యి లైన్-రోజులకు (ఒక పేషెంటుకు ఒక రోజు లైన్ ఉంటే ఒక లైన్-రోజు) 2.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకొచ్చింది. అక్కడ డాక్టర్నే ఆపారు, నువ్వు సీసా అందించడానికి జంకుతున్నావు.

ఇక తలస్నానం. చెంబూ వద్దు, షవరూ వద్దు. పార్లర్లో లాగా కుర్చీలో తల వెనక్కి వాల్చి, మెడ కింద నీళ్లు కారకుండా మీరే తల కడగండి. ఒంటికి తడిగుడ్డ చాలు. పైపు చుట్టూ పసుపు, విభూతి రాయనివ్వకండి. పుస్తెలతాడు పైపుకు చుట్టుకుని లాగుతుంటుంది, పెద్దావిడ తీయనంటే కనీసం అటు పడకుండా చూడండి. మన మే నెల చెమటకు డ్రెస్సింగ్ అంచులు లేస్తాయి. లేచినా తడిసినా ప్లాస్టర్ అంటించి సర్దేయకుండా వెంటనే సెంటరుకు ఫోన్ చేయండి.

మళ్లీ చలి, జ్వరం వస్తే డోలో వేసి తెల్లారాక చూద్దాం అనొద్దు. రాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్లి, పర్మ్‌క్యాత్ ఉందని మొదటి మాటగా చెప్పండి. యాంటీబయాటిక్ మొదలయ్యే ముందే కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) రక్తం తీయాలి.

చేతికి ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషన్) ఎప్పుడు వేస్తారో ఈ వారమే నెఫ్రాలజిస్టును అడుగు. వేశాక వాడుకకు రావడానికి నెల నుంచి మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఎంత ముందుగా వేస్తే ఈ పైపు అంత త్వరగా తీసేయొచ్చు. ఏ చేతికి వేస్తారో ఇప్పుడే తెలుసుకుని, ఆ చేతికి సూదులు, సెలైన్లు పెట్టనివ్వకండి.