నాలుగు నక్షత్రాలు కూడా తక్కువేనా? అమ్మకందారుల సందేహాలు, సమాధానాలు

ఆన్‌లైన్ మార్కెట్లలో వస్తువులు అమ్మే పాఠకుల నుంచి రేటింగ్‌ల గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో ఎక్కువమందికి ఉపయోగపడగల నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నాకు వరుసగా ఇరవైమూడు పాజిటివ్ ఫీడ్‌బ్యాక్‌లు వచ్చాయి. ఇరవైనాలుగో కొనుగోలుదారు ఒక్కరు నెగిటివ్ పెట్టగానే అమ్మకాలు మందగించాయి. ఒక్కరి మాటకు అంత బలం ఉంటుందా?

జవాబు: ముందుగా లెక్క చూడండి. ఇరవైనాలుగింటిలో ఒకటి చెడితే మీ పాజిటివ్ శాతం నూరు నుంచి దాదాపు 95.8కి దిగుతుంది. రెండు వేల రేటింగ్‌లు ఉన్న అమ్మకందారుకు అదే నెగిటివ్ వస్తే ఆయన శాతం 99.95 దగ్గరే ఉంటుంది. కొనుగోలుదారు ఇద్దరికీ ఒకే మాట అన్నా, మీ లెక్కలో హారం చిన్నది కనుక దెబ్బ పెద్దదిగా కనిపించింది.

అయితే ఇది అంకెలతో తీరిపోయే విషయం కాదు. ఈబే అనే ఆన్‌లైన్ మార్కెట్‌లోని అమ్మకందారుల చరిత్రలను పరిశీలించి లూయిస్ కబ్రాల్, అలీ హోర్టచ్‌సు అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, అప్పటిదాకా వారానికి 5 శాతం చొప్పున పెరుగుతూ వచ్చిన అమ్మకాలు మొదటి నెగిటివ్ తరువాత వారానికి 8 శాతం చొప్పున తగ్గడం మొదలైంది. ఆ తరువాతి నెగిటివ్‌లు మొదటిదానికన్నా త్వరగా వచ్చినా వాటి ప్రభావం మాత్రం మొదటిదానంత లేదు. మచ్చలేని పేరుకు తగిలిన మొదటి మచ్చే ఎక్కువగా కనిపిస్తుందన్నమాట. మరో సంగతి కూడా వారి దృష్టికి వచ్చింది: వ్యాపారం మానుకోబోయే అమ్మకందారులకు చివరి రోజులలో నెగిటివ్‌లు వారి సగటుకన్నా ఎక్కువగా వచ్చాయి. పేరు చెడినందువల్ల మానుకున్నారా, మానుకోదలచి శ్రద్ధ తగ్గించినందువల్ల పేరు చెడిందా అన్నది ఆ అంకెను మాత్రమే చూసి తేల్చడం కష్టం.

మీరు గమనించవలసిన మరో హారం ఉంది. ఈబే చూపించే పాజిటివ్ శాతం రేటింగ్ ఇచ్చినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అమెజాన్ అమ్మకందారులకు విధించే ఆర్డర్ డిఫెక్ట్ రేట్‌లో హారం మొత్తం ఆర్డర్లు. నెగిటివ్ ఫీడ్‌బ్యాక్, గ్యారంటీ కింద వచ్చిన క్లెయిమ్, కార్డు ద్వారా డబ్బు వెనక్కి తీసుకోవడం వంటి లోపాలున్న ఆర్డర్లు ఒక శాతం లోపే ఉండాలని అక్కడి నియమం. అంటే లెక్కలోకి తీసుకునే కాలంలో నలభై ఆర్డర్లే ఉన్న చిన్న అమ్మకందారు ఒక్క లోపంతోనే 2.5 శాతానికి చేరి హద్దు దాటిపోతాడు. చిన్న వ్యాపారులకు ఈ పద్ధతి కఠినమైనదనే మా అభిప్రాయం. కనుక ఏ అంకెను చూసి కంగారు పడబోతున్నారో, దాని హారం ఏమిటో ముందు తెలుసుకోండి.

ప్రశ్న: వస్తువు బాగానే చేరినా ఒక కొనుగోలుదారు సగం డబ్బు తిరిగి ఇవ్వకపోతే నెగిటివ్ పెడతానని సందేశం పంపారు. ఈబేలో ఆయనకు నేను నెగిటివ్ ఇవ్వడానికి వీలు లేదట. ఇది ఏకపక్షం కాదా?

జవాబు: ఏకపక్షమే. కాకపోతే అది అనుకోకుండా జరిగినది కాదు, కావాలని చేసిన మార్పు. పియెర్ ఒమిడ్యార్ 1995లో మొదలుపెట్టిన వేలం సైటు, తరువాత ఈబేగా మారినది, 1996లో ఫీడ్‌బ్యాక్ పద్ధతిని ప్రవేశపెట్టింది. ముఖం తెలియని ఇద్దరు ఒకరినొకరు నమ్మడానికి అందులో ఇరువైపులా రేటింగ్ ఇచ్చుకునే వీలు ఉండేది. కాలక్రమంలో దానిలో ఒక లోపం బయటపడింది. కొనుగోలుదారు నెగిటివ్ పెడితే అమ్మకందారు బదులుగా నెగిటివ్ పెట్టేవాడు. ఆ భయంతో అసంతృప్తి ఉన్నవారు కూడా నోరు మెదపకుండా వెళ్లిపోయేవారు. రేటింగ్‌లు చూడడానికి ముచ్చటగా ఉండేవి గాని, వాటి నుంచి తెలిసేది తక్కువ. 2008 మే నెలలో ఈబే అమ్మకందారులకు ఆ అవకాశం తీసివేసింది. అప్పటి నుంచి అమ్మకందారు కొనుగోలుదారుకు పాజిటివ్ ఇవ్వవచ్చు, లేదా ఏమీ ఇవ్వకుండా ఊరుకోవచ్చు.

ఆ మార్పు ఫలితాలను పరిశీలించిన క్లైన్, లాంబెర్ట్స్, స్టాల్ అనే పరిశోధకులు కొనుగోలుదారుల సంతృప్తి పెరిగిందనీ, అందుకు కారణం చెడ్డ అమ్మకందారులు వెళ్లిపోవడం కాక, ఉన్నవారే మరింత జాగ్రత్తగా వ్యవహరించడమనీ 2016లో తేల్చారు. ఆ లెక్కన మార్పు మంచిదేనని ఒప్పుకోవాలి. కాని దాని ఖర్చు మీవంటి వారు భరిస్తున్నారు. మార్కెట్ మొత్తానికి మేలు జరిగిందన్న వార్త బెదిరింపు అందుకున్న మనిషికి పెద్దగా ఊరటనివ్వదు.

మీ చేతిలో ఉన్నది ఇది. ఫీడ్‌బ్యాక్ పేరు చెప్పి ఒప్పందంలో లేనిది అడగడం ఈబే నిబంధనలకు విరుద్ధం. ఆ సందేశం సైటులోపలి మెసేజ్‌లలోనే ఉంటే దానిని చూపి ఫిర్యాదు చేయండి, ఆ కొనుగోలుదారును మీ బ్లాక్ జాబితాలో చేర్చండి. మాటలు ఫోన్‌లోనో బయటి యాప్‌లోనో జరిగి ఉంటే నిరూపించడం కష్టమవుతుంది కనుక, ఇకపై ఎవరైనా బయట మాట్లాడదామన్నా సైటులోనే జవాబు ఇవ్వడం అలవాటు చేసుకోండి. భయపడి డబ్బు మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: "వస్తువు చాలా బాగుంది" అని రాసి నాలుగు నక్షత్రాలు ఇస్తారు. నాలుగు నక్షత్రాలు నాకు నష్టమా, లాభమా?

జవాబు: అది ఎక్కడ ఇచ్చారన్నదానిని బట్టి ఉంటుంది. అమెజాన్‌లో అమ్మకందారుకు ఇచ్చే ఫీడ్‌బ్యాక్‌లో ఒకటి, రెండు నక్షత్రాలు నెగిటివ్‌గా, మూడు న్యూట్రల్‌గా, నాలుగు, ఐదు పాజిటివ్‌గా లెక్కిస్తారు. కనుక మీ ఆర్డర్ డిఫెక్ట్ రేట్‌కు నాలుగు వల్ల ఏ హానీ లేదు. సగటును చూపే చోట మాత్రం తొమ్మిది ఐదుల పక్కన ఒక నాలుగు చేరితే 4.9 అవుతుంది. అందరూ ఐదుకు దగ్గరలోనే ఉన్న మార్కెట్లో ఆ చిన్న తేడాను కూడా జనం చూస్తారు. రాసిన కొనుగోలుదారు మనసులో నాలుగంటే మెప్పు. చదివేవారి కంటికి అదే లోపం.

రేటింగ్‌లు ఇలా అందరికీ ఐదు దగ్గరకు ఉబ్బిపోవడం గురించి నోస్కో, తడేలిస్ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన మీకు పనికివస్తుంది. ఈబేలో అమ్మకందారుల పాజిటివ్ శాతం సగటున 99కి పైనే ఉండడం చూసి, వారు ఫీడ్‌బ్యాక్ ఇచ్చినవారి సంఖ్యకు బదులు మొత్తం లావాదేవీల సంఖ్యతో పాజిటివ్‌లను భాగించి చూశారు. అప్పుడు అమ్మకందారుల మధ్య తేడాలు స్పష్టంగా బయటపడ్డాయి. ఏమీ రాయకుండా వెళ్లినవారి మౌనంలో కూడా కొంత అసంతృప్తి ఉంటుందని దీని అర్థం. మీరు కూడా నాలుగు నక్షత్రాల గురించి బాధపడే సమయంలో కొంత తీసి, మీ ఆర్డర్లలో ఎంతమంది ఏమీ రాయలేదో లెక్క వేసుకోండి.

ఒక చిన్న సంగతి. వస్తువును అమెజాన్ గోదాము నుంచి ఆ సంస్థే పంపినప్పుడు, ఆలస్యం గురించి మీ మీద వచ్చిన ఫీడ్‌బ్యాక్‌ను కొట్టివేయమని కోరే అవకాశం ఉంది. వస్తువు గుణం గురించి మాత్రమే రాసినదానిని కూడా అమ్మకందారు ఫీడ్‌బ్యాక్ నుంచి తీసివేయమని అడగవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది ఊరుకుంటారు.

ప్రశ్న: పాత ఖాతా మూసివేసి కొత్త పేరుతో మొదలుపెట్టి, పెట్టెలో "ఐదు నక్షత్రాలు ఇస్తే బహుమతి" అనే కార్డు వేస్తే ఎలా ఉంటుంది?

జవాబు: రెండూ వద్దు. బహుమతికి బదులుగా రాయించుకునే రివ్యూలను అమెజాన్ తాను ఎంపిక చేసినవారికి వస్తువులు ఉచితంగా ఇచ్చి రివ్యూలు రాయించే సొంత వైన్ కార్యక్రమం మినహా 2016 అక్టోబరులోనే నిషేధించింది. ఆ కార్డు దొరికితే మొత్తం ఖాతాకే ముప్పు. మంచి చెడులతో నిమిత్తం లేకుండా, కొన్నవారందరినీ ఒకే మాటతో అభిప్రాయం కోరడంలో తప్పు లేదు.

ఇక కొత్త పేరు సంగతి. పాల్ రెస్నిక్, మరికొందరు పరిశోధకులు మంచి పేరున్న ఒక ఈబే అమ్మకందారు చేత ఒకే రకమైన పాత పోస్టుకార్డులను తన పాత పేరుతోనూ కొత్త పేర్లతోనూ అమ్మించి చూశారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పాత పేరుకు కొనుగోలుదారులు 8.1 శాతం ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డారు. కొత్త పేర్లమీద ఒకటి రెండు నెగిటివ్‌లు ఉన్నా ధరలో తేడా కనబడలేదు. ఇది మొదటి జవాబులో చెప్పిన ఫలితంతో పూర్తిగా పొసగదు. అక్కడ కొలిచినది అమ్మకాల వేగం, ఇక్కడ కొలిచినది ఒక్కొక్క వస్తువుకు పలికిన ధర. పైగా, చర్య తీసుకున్న ఖాతాను తప్పించుకోవడానికి మరొకటి తెరిస్తే దానిని కూడా మూసివేసే నిబంధనలు పెద్ద మార్కెట్లలో ఉన్నాయి. మీ పాత ఖాతా మీద ఏ చర్యా లేకపోతే, ఉన్న నెగిటివ్‌లకు మర్యాదగా రెండు వాక్యాల జవాబు రాసి, ఆ పేరుతోనే కొనసాగండి. ఈబే శాతం గత పన్నెండు నెలల ఫీడ్‌బ్యాక్ మీదే లెక్కవుతుంది కనుక, పాత మచ్చ వ్యాఖ్యలలో మిగిలినా లెక్కలోంచి తప్పుకుంటుంది.