ఆరేళ్ల పాపకి పాటలు, కథల ప్లేయర్: తెర లేనిదే తీసుకోండి

పాపకి ఆరేళ్లు, ఊరికి వెళ్లేటప్పుడు పాటలూ కథలూ వినడానికి 2000 రూపాయల లోపు ప్లేయర్ కావాలి, ఫోన్ ఇవ్వడం ఇష్టం లేదు, వీడియో కూడా వచ్చేది తీసుకుంటే మంచిదా అని అడిగారు. వీడియో వద్దండి. ఆ ధరలో దొరికే వాటిలో చాలావరకు తెర అగ్గిపెట్టంత ఉంటుంది. మామూలు వీడియో ఫైళ్లు ఆడవు, ఏఎంవీ అనే ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కించుకోవాలి. ఇంతా చేస్తే బొమ్మ మసగ్గా వస్తుంది, పిల్లలు దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూస్తారు. బటన్లుండి, పాటలు మాత్రమే పాడేదే వెతకండి.

మా ఇంట్లో పిల్లలిద్దరూ వాడేది అలాంటిదే. శ్రీకాకుళం వెళ్లే రాత్రి బస్సులో లైట్లు తీసేశాక కూడా మా చిన్నది బొటనవేలితో బటన్ తడుముకుని తనకి కావలసిన కథ పెట్టేసుకుంటుంది. నన్ను లేపదు.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట కొంటే షాపులోనే ఒక పని చేయండి. ఏదో ఒక పాట సగం విని, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఆగిన చోటి నుంచే మొదలవ్వాలి. చౌకరకం ప్లేయర్లు కొన్ని ప్రతిసారీ మొదటి పాటకి వెళ్లిపోతాయి. పాటలకైతే సర్దుకోవచ్చు గానీ, అరగంట కథ వినే పిల్లకి అది పెద్ద కష్టం. కొనేముందు నేను ముఖ్యంగా చూసేది ఇదే. ఆపిల్ వాళ్ల పాటల ప్లేయర్ ఐపాడ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోమని ఎవరైనా సలహా ఇవ్వచ్చు. వాటిలో షఫుల్, నానో అనే చిన్న రకాలు 2017లోనే ఆగిపోయాయి, 2022లో మొత్తం ఐపాడ్లే ఆపేశారు. అంత పాత బ్యాటరీని నమ్మి పిల్లల చేతికివ్వలేం.

మెమరీ గురించి ఎక్కువ ఖర్చు పెట్టకండి. 128 కేబీపీఎస్ (సౌండ్ నాణ్యతని చెప్పే అంకె ఇది) ఎంపీ3 అయితే నిమిషానికి దాదాపు 1 ఎంబీ, అంటే 8 జీబీ కార్డులో 130 గంటలకి పైగానే పడతాయి. 32 జీబీ దాటిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, చౌక ప్లేయర్లు చాలావరకు వాటిని చదవలేవు. 8 గానీ 16 గానీ తీసుకుని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. కార్డు మాత్రం పేరున్న కంపెనీది, బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. మాకొకసారి ఒక షాపువాళ్లు అంటగట్టిన కార్డు మీద 32 అని ఉంది, లోపల అందులో పావు వంతు కూడా లేదు. నిండాక ఎక్కించిన పాటలన్నీ పాడైపోయాయి. కొత్త కార్డుని హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పరీక్షిస్తే ఈ మోసం బయటపడుతుంది.

ఇక చెవుల సంగతి. ప్లేయర్ మీద మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి చెప్పిన హద్దు 75 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలు. పిల్లల హెడ్‌ఫోన్లని అమ్మే వాటిలో చాలావాటి అట్టపెట్టె మీద 85 అని ఉంటుంది, అది చూసి నిశ్చింతగా ఉండకండి. బస్సులో ఇంజన్ మోతకి పిల్లలు సౌండ్ పెంచేస్తారు. చెవి మొత్తం కప్పే రకమైతే బయటి మోత తగ్గి, తక్కువ సౌండ్‌లోనే వినిపిస్తుంది. పక్క సీట్లో కూర్చుని మామూలు గొంతుతో పిలవండి, పలకకపోతే సౌండ్ తగ్గించండి. ఇంట్లో ఉన్నప్పుడు చిన్న స్పీకరున్న ప్లేయరైతే హెడ్‌ఫోన్లతో పనే ఉండదు, అందరూ కలిసి వినచ్చు.

ఛార్జింగ్‌కి పాత ఫోన్‌తో వచ్చిన మామూలు ఛార్జర్ చాలు. కొన్ని చౌక ప్లేయర్లకి టైప్‌-సి పోర్టున్నా, రెండు చివరలా సి ఉన్న కేబుల్‌తో ఛార్జింగ్ ఎక్కదు. పాడైందని తిరిగి పంపేముందు ఒక చివర పాత వెడల్పాటి యూఎస్‌బీ, రెండో చివర సి ఉన్న కేబుల్‌తో ఒకసారి ప్రయత్నించండి. ప్లేయర్ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇంక వాడకండి.

పాటలు ఎక్కించేటప్పుడు ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. చిన్న డిస్‌ప్లే ఉన్న వాటిలో తెలుగు పేర్లు ఉత్త డబ్బాలుగా కనిపించవచ్చు. పేరుకి ముందు 01, 02 అని అంకెలు వేయండి. కొన్ని ప్లేయర్లు పేర్ల వరస కూడా చూడవు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అదే ముందు పాడతాయి. అలాంటిదైతే ఒక్కొక్కటిగా వరసలో కాపీ చేయాలి.

మా పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా వినేవి మా అత్తగారు చెప్పిన కథలే. మధ్యలో ఆవిడ దగ్గినా, "వింటున్నావా?" అని అడిగినా అలాగే ఉంచేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే తప్పకుండా రికార్డు చేయండి. ఫోన్‌లో రికార్డైనవి చాలావరకు ఎం4ఏ ఫైళ్లు, చౌక ప్లేయర్లలో అవి ఆడకపోవచ్చు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరిచి (విండోస్‌లో ఎం4ఏ తెరవాలంటే దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనేది కూడా జోడించుకోవాలి) ఎంపీ3గా, మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, 64 కేబీపీఎస్‌కి మార్చండి. మాటలకి అది సరిపోతుంది, గంట కథకి 30 ఎంబీ కూడా పట్టదు. మీకు కంప్యూటర్ లేకపోతే చెప్పండి, ఫోన్‌లోనే ఎలా మార్చుకోవాలో రాస్తాను.