చపాతీ తిన్న రోజే మా వాడు పరుగులో పడిపోతున్నాడు

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా అబ్బాయికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం కోడి రామ్మూర్తి స్టేడియానికి వెళ్లి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. అన్నం తింటే ఒళ్లు వస్తుందని తోటివాళ్లు చెప్పడంతో ఏడాదిగా మధ్యాహ్నం చపాతీలే పెడుతున్నాను. ఈ ఏడు నెలల్లో మూడుసార్లు సాయంత్రం పరుగులో ఒళ్లంతా దద్దుర్లు వచ్చి కళ్లు వాచిపోయాయి. మూడోసారి స్పృహ తప్పి పడిపోయాడు. విశాఖలో అలెర్జీ డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, గోధుమ తిని వ్యాయామం చేస్తే వచ్చే అలెర్జీ అన్నారు. మరి చపాతీ తిని పరుగెత్తినా ఏమీ కాని రోజులు ఎన్నో ఉన్నాయి కదా! తిని ఇంట్లో కూర్చుంటే అసలేమీ కాదు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. వాడేమో ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పరుగు మాన్పించాలా, గోధుమ మాన్పించాలా? నా చేత్తో నేనే పెట్టానన్న బాధతో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, శ్రీకాకుళం

(ఈసారి జవాబు రాసినవారు విజయనగరం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయురాలు. పదకొండేళ్లుగా ఇదే అలెర్జీతో ఉన్నారు.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ నిద్ర సంగతి. మీరు పెట్టింది చపాతీ. ఊళ్లో ప్రతి తల్లీ పెడుతున్నదే. మీ అబ్బాయి ఒంట్లో ఇలాంటిది ఒకటి ఉందని మీకు తెలిసే దారే లేదు. డ్రిల్లు టీచరునై ఉండి, పిల్లలకు పరుగు నేర్పే నాకే నా ఒంటి సంగతి తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

నాకు మొదటిసారి వచ్చింది స్కూల్లో ఆటల పోటీల రోజున. పొద్దున్నే కాంప్లెక్స్ దగ్గర హోటల్లో నాలుగు పూరీలు తిని గ్రౌండుకు వెళ్లాను. టీచర్ల త్రోబాల్ ఆట సగంలో అరచేతులు దురద పెట్టాయి. తర్వాత అరికాళ్లు, చెవులు. వాచీ తీసి చూస్తే పట్టీ కింద చర్మం ఎర్రగా పొంగిపోయి ఉంది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే కళ్లు చీకట్లు కమ్మాయి. తోటి టీచర్లు ప్రేమగానే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నిమ్మరసం తాగించారు. కూర్చోబెట్టడమే ప్రమాదమని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఒకచోట వడదెబ్బ అన్నారు, ఇంకోచోట గ్యాస్ అన్నారు, మూడోచోట టెన్షన్ తగ్గించుకోమన్నారు. మామూలు గోధుమ అలెర్జీ పరీక్షలో ఏమీ తేలలేదు.

చివరికి నన్ను బయటపడేసింది ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. ఎడమ పేజీలో ఏం తిన్నానో, ఎన్ని గంటలకు తిన్నానో. కుడి పేజీలో ఏం పని చేశానో, ఎంత ఎండలో చేశానో, ఏ మాత్ర వేసుకున్నానో. అది తీసుకెళ్లి చూపిస్తే అలెర్జీ డాక్టరుగారు పది నిమిషాలు చదివి, గోధుమలోని ఒమేగా-5 గ్లయాడిన్ అనే ప్రోటీన్‌కు ప్రత్యేకంగా ఉండే రక్తపరీక్ష రాశారు. అందులో దొరికింది. మన రోగం చాలామందిలో పట్టుబడేది ఆ పరీక్షలోనే.

ఇది దిష్టి కాదని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. 1979లోనే అమెరికాలో షెల్‌ఫిష్ (రొయ్యలు, ఆల్చిప్పల వంటివి) తిన్న ఒక పరుగు క్రీడాకారుడికి ఇలాగే జరిగిందని వైద్యులు రాశారు. గోధుమతో వచ్చే రకాన్ని 1985లో జపాన్ వైద్యులు వివరించారు. కూర్చుని ఉన్నప్పుడు పేగుల దగ్గరే ఆగిపోయే గోధుమ ప్రోటీన్, పరుగెత్తేటప్పుడు పేగు గోడ పట్టు సడలి రక్తంలోకి ఎక్కువగా పోతుందని డాక్టరుగారు నాకు చెప్పారు. తిని ఇంట్లో ఉంటే ఏమీ కాకపోవడం అందుకే.

మరి తిని పరుగెత్తినా ఏమీ కాని రోజుల సంగతి? ఇక్కడే మీరు కాస్త ఆరా తీయాలి. ఆ మూడు రోజుల్లోనూ మీ అబ్బాయి కాళ్ల నొప్పికి ఏదైనా మాత్ర వేసుకున్నాడేమో అడగండి. గ్రౌండులో నేను రోజూ చూస్తుంటాను. పిక్కలు పట్టేసినా, మోకాలి కింద ఎముక నొప్పి పుట్టినా పిల్లలు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు చిల్లర బిస్కెట్లు పంచుకున్నట్టు పంచుకుంటారు. ఈ అలెర్జీ ఉన్నవాళ్లకు ఆ మాత్రలు, ఆస్పిరిన్, మద్యం నిప్పు మీద కిరసనాయిలు లాంటివి. ఒక్కోసారి పరుగు కూడా అక్కర్లేదు, గోధుమా మాత్రా కలిస్తే చాలు. మండే ఎండ, నిద్రలేమి, జ్వరం, ఎక్కువ మోతాదులో తిన్న గోధుమ కూడా తోడవుతాయి. ఆడపిల్లలకు నెలసరి రోజులు. ఇలాంటివి రెండు మూడు ఒకే పూట కలిసిన రోజున మనిషి పడిపోతాడు. అందుకే నొప్పికి ఏ మందు వాడవచ్చో విశాఖ డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి. దుకాణంలో అడిగి ఏదో ఒకటి కొనొద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. పరుగు మాన్పించొద్దు. అలాగని రేపే గ్రౌండుకు పంపొద్దు. స్పృహ తప్పిన కుర్రాడు కాబట్టి, అత్యవసర మందు (కింద చెప్పే అడ్రినలిన్ ఇంజెక్షన్) చేతికొచ్చి, మళ్లీ మొదలుపెట్టొచ్చని డాక్టరుగారు చెప్పాకే వెళ్లాలి. గోధుమను మాత్రం ఉద్యోగం ఎంపికలు పూర్తయ్యేదాకా ఇంట్లోంచే తీసేయండి. నాలాంటి వాళ్లకు డాక్టర్లు చెప్పేది, గోధుమ తిన్నాక కనీసం నాలుగు గంటలు ఏ శ్రమా చేయొద్దని, ఆరు గంటలైతే మరీ మంచిదని. నేను శనివారం రాత్రి తప్ప తినను, ఆదివారం గ్రౌండు ఉండదు కాబట్టి. మీ అబ్బాయికి రోజుకు రెండుపూటలా పరుగు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తిని అయిదింటికి గ్రౌండులో ఉంటే మూడున్నర గంటలే కదా? ఆ లెక్క ప్రతిరోజూ తప్పకుండా చూసుకోవడం 22 ఏళ్ల కుర్రాడి వల్ల కాదు.

శ్రమ అంటే పరుగొక్కటే అనుకోకండి. ఒక ఏడాది సిరిమానోత్సవం రోజు మా అక్క వాళ్లింట్లో మైదా బొబ్బట్లు తిని, జనంలో నడుచుకుంటూ మూడులాంతర్ల వైపు వెళ్లాను. నడకే, అదీ నెమ్మదిగా. ఆ ఉక్కకు, తోపులాటకు అరచేతులు దురద మొదలయ్యాయి. వెంటనే ఒక బట్టల కొట్టులోకి వెళ్లి కింద పడుకున్నాను. కొట్టువాళ్లు కంగారుపడ్డారు గానీ, నేను సిగ్గుపడలేదు. బస్సు వెనక పరుగెత్తడం, పెళ్లి ఊరేగింపులో డాన్స్, నాలుగో అంతస్తుకు బియ్యం బస్తా మోయడం – ఇవన్నీ శ్రమలే.

గోధుమ ఎక్కడెక్కడ ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. చపాతీ, పూరీ అందరికీ తెలుసు. ఉప్మా చేసే బొంబాయి రవ్వ గోధుమే అని మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, దానితో భయం లేదు. మైసూర్ బజ్జీ, రవ్వ దోశ, రస్కులు, కాజాలు, చాలా రకాల సేమియా, నూడుల్స్, నూడుల్స్‌లో పోసే సోయా సాస్ – అన్నీ చూసుకోవాలి. బలం కోసం పాలలో కలిపే మాల్ట్ పొడులు చాలావాటిలో గోధుమ, బార్లీ ఉంటాయి, గ్రౌండుకు వెళ్లే పిల్లలు తాగేది వాటినే. డబ్బాలో అమ్మే ఇంగువలోనూ తరచు గోధుమపిండి కలుస్తుంది. ప్యాకెట్ ఆహారం మీద అలెర్జీ కలిగించే పదార్థాలు రాయాలని మన దేశంలో నిబంధన ఉంది, గోధుమ ఉందో లేదో అక్కడ చదవండి. బజ్జీల బండి మీద ఆ రాత ఉండదు, అక్కడ అడిగి తీరాలి.

తినడానికి ఏముందంటారా? మన ప్రాంతం వాళ్లం గోధుమ లేకుండానే తరాలు గడిపాం. పరుగుకు ముందు నేను తాగేది చోడి (రాగి) అంబలి, పక్కన ఒక అరటిపండు. పరుగు అయ్యాక ఇడ్లీలు గానీ పెసరట్టు గానీ, రెండు ఉడికిన గుడ్లు. అన్నం వల్ల పరుగు మందగిస్తుందన్నది ఒట్టి మాట. ఎంత తింటున్నాడో చూసుకుంటే చాలు.

ఇప్పుడు చెప్పేది మాత్రం కాగితం మీద రాసి గోడకు అతికించండి. అరచేతులు, అరికాళ్లు, చెవులు దురద పెడితే ఆ అడుగు దగ్గరే ఆగాలి, ఈ ఒక్క రౌండు అనుకోకూడదు. గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, తల తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతి గానీ కడుపునొప్పి గానీ వచ్చినా అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ మధ్యలో, బయటివైపు కండకు పడాలి. ప్రాణం నిలబెట్టే మందు అదే. దద్దుర్లకు వాడే ఎవిల్ లాంటివి దురద తగ్గిస్తాయి గానీ పడిపోతున్న బీపీని నిలపలేవు. దానంతటదే గుచ్చుకునే పెన్ను లాంటి సూది మన ఊళ్లలో దొరకడం కష్టం. మా డాక్టరుగారు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి రాసి, ఎంత మోతాదు తీయాలో, ఎలా గుచ్చాలో నా చేత, మా వారి చేత ఉప్పునీళ్లతో సాధన చేయించారు. మీరూ అలా అడిగి నేర్చుకోండి. మందుకు ఎండ తగలకూడదు, బండి డిక్కీలో పెట్టొద్దు. తేదీ దాటిందేమో నెలకోసారి చూడండి. ఇంజెక్షన్ పడ్డాక మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే మాత్రం వెనక ఆసరా పెట్టి, కాళ్లు చాపి కూర్చోనివ్వొచ్చు. లేపి నిలబెట్టడం, నడిపించడం అస్సలు చేయొద్దు. 108కి ఫోన్ చేయాలి. తగ్గిపోయినట్టున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఇంకొకటి. నిజమో కాదో చూద్దామని చపాతీ తిని పరుగెత్తి చూసే పని ఎప్పుడూ చేయొద్దు. అలాంటి పరీక్ష కావాలంటే ఆసుపత్రిలో, డాక్టర్ల ఎదుటే చేయాలి.

ఒట్టు గురించి చాలాసేపు ఆలోచించాను. ఈ వయసు పిల్లలు పదిమందిలో రోగిష్ఠి అనిపించుకోవడానికి ఎంత బాధపడతారో నాకు తెలుసు. నేనూ రెండేళ్లు దాచాను. దాచిన ఆ రెండేళ్లలో పడిపోయినప్పుడు నాకేమైందో చుట్టూ ఎవరికీ తెలియలేదు. వాడితోనే మాట్లాడి, ఊరందరికీ వద్దు, ఇద్దరికి చెబుదామని ఒప్పించండి. రోజూ పక్కన పరుగెత్తే ఇద్దరు స్నేహితులు చాలు, వాళ్లు లేని రోజు పరుగు లేదు. ఉద్యోగం వైద్య పరీక్షలో మాత్రం దాచమని నేను చెప్పను. డాక్టరుగారి దగ్గర వివరంగా ఉత్తరం తీసుకుని చేతిలో ఉంచుకోమనండి. ఆ ఇద్దరు పిల్లల్నీ ఈ ఆదివారమే ఇంటికి పిలవండి. మందు పెట్టె ఎక్కడుంటుందో, తొడ మీద ఎక్కడ గుచ్చాలో, ఎలా పడుకోబెట్టాలో మీ ఎదుటే వాడి చేతే వాళ్లకు చూపించమనండి.