పచ్చ గడి ఎర్రగా మారితే?

ప్రశ్న: మా రైస్ మిల్లు ప్యానెల్‌లో సర్జ్ (లైనులో హఠాత్తుగా ఎగసే వోల్టేజీ) నుంచి యంత్రాలను కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉంది. మొన్న దగ్గర్లో పిడుగు పడ్డాక దాని మీది పచ్చ గడి ఎర్రగా మారింది. కరెంటు మామూలుగానే ఉంది. అలాగే నడిపించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దండీ. ఎర్రబడిందంటే ఆ పరికరం లైను నుంచి తప్పుకుందని, కరెంటు వస్తున్నా రక్షణ మాత్రం లేదని, మళ్లీ సర్జ్ వస్తే దెబ్బ నేరుగా మోటార్ డ్రైవ్‌ల (మోటార్ల వేగాన్ని నియంత్రించే పరికరాల) మీదే పడుతుందని అర్థం. లోపలి వేరిస్టర్ (ఎక్కువైన వోల్టేజీని పక్కకు మళ్లించే భాగం) పెద్ద సర్జ్‌లు తగిలేకొద్దీ అరిగిపోతుంది, దాని గుండా కరెంటు లీకేజీ పెరిగి వేడెక్కుతుంది, ఒక్కోసారి షార్ట్ కూడా అవుతుంది, అప్పుడు మంటలు లేవొచ్చు. అందుకే దానికి ముందు కంపెనీ చెప్పిన రేటింగు ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు ప్రొటెక్టర్‌కు వెళ్లే వైర్లలోనే ఉంటే, అది కాలిపోయినా మిల్లు ఆగదు. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఈ వారంలోనే కార్ట్రిడ్జ్ (ప్రొటెక్టర్‌లో ఊడదీసి మార్చే భాగం) మార్పించండి. ఎర్తింగ్ కూడా కొలిపించండి.