కుకీలు సరే, ఎవరితో తింటున్నావు?

ప్రశ్న: చదువు కోసం వచ్చి నాలుగు నెలలైంది. రాత్రుళ్లు నిద్ర పట్టక చాక్లెట్ శాండ్‌విచ్ కుకీలు చేస్తున్నాను. ఓవెన్‌లో పెట్టగానే పలచగా పరుచుకుపోతున్నాయి. కొరికితే క్రీమంతా పక్కలకి వచ్చేస్తోంది. మిక్సర్ కొంటే బాగుపడతాయా? చేసినవన్నీ నేనే తింటున్నాను.

జవాబు: మిక్సర్ జోలికి పోకు తల్లీ. పదహారేళ్లుగా చేత్తోనే కలుపుతున్నాను, మా ఇంటికొచ్చిన వాళ్లెవరూ ఇంతవరకు డబ్బాలో ఒక్కటి మిగల్చలేదు. ఆ చివరి వాక్యం సంగతి తర్వాత మాట్లాడతాను, దాన్ని నేను వదలను.

నువ్విప్పుడు చేస్తున్న తప్పులన్నీ నేను చేసినవే. వచ్చిన కొత్తలో పుస్తకంలో 175 డిగ్రీలని ఉంటే ఓవెన్‌ని 175కి తిప్పాను. పుస్తకం సెల్సియస్‌లో ఉంది, ఓవెన్ ఫారెన్‌హీట్‌లో ఉంది. ఫారెన్‌హీట్‌లో 175 అంటే ఎనభై సెల్సియస్ మాత్రమే. అరగంటైనా కుకీ ఉడకలేదు, వెన్న మాత్రం కరిగి ట్రే అంతా పారింది. నేను పెట్టాల్సింది 350. ముందు నీ ఓవెన్ ఏ లెక్కలో ఉందో చూడు.

రెండోసారి కొలత దెబ్బతీసింది. కప్పు అంటే నేను కాఫీ తాగే మగ్గు అనుకున్నాను. వంటల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లే. వెన్నేమో తూచి వేశాను, పిండి మగ్గుతో కొలిచాను. చేతిలో ఇసుకలా రాలిపోయింది. ఆ వారమే చిన్న తూకం కొన్నాను. నువ్వూ కొనాల్సింది అదే.

మైదా 150 గ్రాములు, కోకో 40, పంచదార 100, మెత్తబడిన వెన్న 115, చిటికెడు ఉప్పు, కలవడానికి చెంచా పాలు. ముద్దని రెండు బేకింగ్ కాగితాల మధ్య పెట్టి నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తు. కాగితాలతో సహా ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, ఆ తర్వాతే బిళ్లలు కొయ్యి. నీవి పరుచుకుపోవడానికి కారణం ఈ అరగంట లేకపోవడమే అనుకుంటున్నాను. వెన్న చల్లగా ఉంటే అది కరిగేలోపు అంచు గట్టిపడుతుంది. సోడా ఎక్కువ వేసినా పరుచుకుంటాయి. ఇందులో సోడా అవసరమే లేదు.

ఓరియో 1912 నుంచి ఉంది, దానికి నాలుగేళ్ల ముందే హైడ్రాక్స్ అనే అలాంటి కుకీ వచ్చింది. ఆ నల్లటి రంగు ఇంట్లో రావాలంటే డచ్ ప్రాసెస్ కోకో తెచ్చుకో. క్షారంతో పులుపు తగ్గించిన కోకో అది, రుచి కూడా మెత్తగా ఉంటుంది.

నల్లటి పిండితో ఒక చిక్కుంది. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేవు. నేను రంగు మారుతుందని ఎదురు చూస్తూ కూర్చున్నాను. అడుగు మాడి, పొగ లేచి, అలారం మోగింది. కిటికీ తెరిచి తువ్వాలు ఊపుతుంటే పక్క ఫ్లాట్ పెద్దావిడ రాత్రి గౌనులోనే వచ్చి తలుపు కొట్టింది. ఆర్నెల్లలో నా తలుపు కొట్టిన మొదటి మనిషి ఆవిడే. తిడుతుందనుకున్నాను. లోపలికొచ్చి, మాడని ఒక కుకీ తీసి, అంచు వేలితో నొక్కి చూపించింది. అంచు గట్టిగా, మధ్య కాస్త మెత్తగా ఉన్నప్పుడే తీసెయ్యాలి, చల్లారాక అదే కరకరలాడుతుంది. పది పన్నెండు నిమిషాలు చాలు. ఆ రాత్రి రెండు గంటలు కూర్చుంది. వెళ్లాక నేను ఏడ్చాను, మాడిన కుకీల కోసం కాదు.

క్రీముకి వెన్న 60 గ్రాములు, ఐసింగ్ షుగర్ 150, కాస్త వెనిల్లా. బిళ్లలు పూర్తిగా చల్లారాకే పెట్టు, వెచ్చగా ఉంటే క్రీము జారిపోతుంది. జిప్ కవర్ మూల కత్తిరించి మధ్యలో చుక్కలా వత్తి, పై బిళ్లని తిప్పుతూ నొక్కు. తర్వాత డబ్బాలో ఒక రాత్రి ఉంచు. బిళ్ల కొద్దిగా తేమ పీల్చి మెత్తబడుతుంది, అప్పుడు కొరికితే క్రీము పక్కకి తోసుకురాదు. అందుకే చేసిన రాత్రే తినకు.

ప్రయోగాలు చెయ్యి, కానీ ఒకసారికి ఒకటే మార్చు. పిండిలో చెంచా కాఫీ పొడి, లేదా క్రీములో నారింజ తొక్క తురుము. క్రీమ్ చీజ్‌లో నీరుంటుంది, దానితో చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా అయిపోగొట్టాలి. నా పాత నోటు పుస్తకంలో ప్రతి విడతకి ఏం మార్చానో, ఎవరు తిన్నారో రాసి ఉంది. మొదటి పేజీల్లో ఆ రెండో గడి ఖాళీ.

ఈ కొలతకి ఇరవై దాకా వస్తాయి. ఇరవై కుకీలూ నువ్వొక్కదానివే తినడమేమిటమ్మా? రెండు ఉంచుకో, మిగతావి పంచు. ల్యాబ్‌లో పెడితే డబ్బా మీద గోధుమ, పాలు, ఇంకేమేం వేశావో చీటీ రాసి అంటించు, కొందరికి పడవు. అమ్మాలనిపిస్తే ముందు మీ ఊరి నియమాలేమిటో కనుక్కో. పక్కింటి తలుపు కొట్టడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. భాష తడబడితే తడబడనీ, డబ్బా చేతికిచ్చి పేరు చెప్పు, చాలు.

ఈ శనివారం పగటిపూట చెయ్యి, అర్ధరాత్రి వద్దు. ఆదివారం క్రీము కుదురుకుంటుంది. సాయంత్రం ఎవరికిచ్చావో నాకు రాయి, కుకీ ఎలా వచ్చిందో తర్వాత చెబుదువుగాని.