అస్తాచల్ దగ్గర నేనేం ఆలోచించానంటే...

ప్రశ్న: అమ్మా, మాది ప్రొద్దుటూరు. పాప నాలుగో తరగతి చదువుతోంది. మా ఆయన మదనపల్లె దగ్గరున్న రిషివ్యాలీ బోర్డింగు స్కూల్లో చేర్పిద్దామంటున్నారు. అక్కడ చిన్న తరగతుల్లో ర్యాంకులుండవట, పైగా ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకేచోట ఉంటారట. మా అత్తగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. మీరు అక్కడే చదివారని తెలిసి రాస్తున్నాను. – ఒక తల్లి

జవాబు: నిజమే తల్లీ, 1981లో మా నాన్న నన్ను మదనపల్లెలో బస్సు దింపి అక్కడికి తీసుకెళ్ళారు. ఇనప ట్రంకుపెట్టె ఆయన మోశారు, ఏడుపు నేను మోశాను. చుట్టూ గుండ్రాళ్ళ కొండలు, లోయ తలాపున ఋషికొండ. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో 1926లో మొదలైన బడి అది.

సాయంత్రం ఆటలయ్యాక అస్తాచల్ అని ఒకటుంటుంది. అందరం రాళ్ళమీద కూర్చుని పొద్దు గుంకేదాకా నోరు మెదపకూడదు. మొదటి నెలంతా నేను రాత్రి భోజనంలో ఏం పెడతారోనని ఆలోచించాను, అంతే. ఎవరూ ‘ఏం ఆలోచించావు?’ అని అడగలేదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాళ్ళు కదా, అది నాకు వింతగా ఉండేది.

కృష్ణమూర్తిగారు చలికాలంలో వచ్చి మాతో మాట్లాడేవారు. సగం అర్థమయ్యేది కాదు. మదనపల్లెలో పుట్టిన మనిషికి తెలుగు రాదని తెలిసి మేం పిల్లలం ముక్కున వేలేసుకున్నాం.

మీ అత్తగారికి చెప్పండి: మగపిల్లల ఇళ్ళు వేరు, ఆడపిల్లల ఇళ్ళు వేరు, ఇంటింటికీ కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్ళుంటారు. క్లాసు, భోజనం, ఆటలు మాత్రం కలిసే. ఇంటిమీద బెంగతో మగపిల్లలూ వెక్కివెక్కి ఏడుస్తారని నాకు పదేళ్ళకే తెలిసింది. పెళ్ళయ్యాక అది ఎంత పనికొచ్చిందో ఇక్కడ రాయలేను!

ర్యాంకుల సంగతి దాచను. పదో తరగతి అయ్యాక మా నాన్న పట్టుబట్టి నన్ను వేరే ఊళ్ళో ఇంటర్‌లో చేర్పించారు. అక్కడ వారంవారం గోడమీద ర్యాంకులు అంటించేవాళ్ళు. నా పేరు కింద నుంచి వెతికితే తొందరగా దొరికేది. కుదురుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీ ఆయన మనసులో ఐఐటీ ఉంటే ఇప్పుడే చెప్పమనండి. అటు పంపి ఇటు లాగడం పిల్లకి శిక్ష. పన్నెండు దాకా అక్కడే ఉంచగలిగితే ఆలోచించండి.

ఇంకోటి, ఫీజు. ఏడాదికి లక్షల్లోనే. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం వాళ్ళే ఏకోపాధ్యాయ బడులు నడుపుతారు. అక్కడ ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు ఎవరి కార్డులు వాళ్ళు తీసుకుని ఎవరి వేగంతో వాళ్ళు నేర్చుకుంటారు. ఆ పద్ధతిని వేరే రాష్ట్రాలూ తీసుకున్నాయి. మంచి పనే. అయినా ఒకే కొండల నడుమ ఆ బడి వేరు, ఈ బడి వేరు అన్నది నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ముందు పాపని ఒకసారి తీసుకెళ్ళి చూపించండి. తిరిగొచ్చే దారిలో దానికి నచ్చిందో లేదో మీరు అడగొద్దు, అదే చెబుతుంది. చేర్పిస్తే మాత్రం స్వెట్టరు, జారని బూట్లు కొనండి. ఋషికొండ ఎక్కకుండా ఏ పిల్లా ఉండదక్కడ.