టైమ్‌జోన్ పీకేస్తే ఎర్రర్ పోతుంది, తప్పు మాత్రం ఉంటుంది

పైథాన్‌లో రెండు టైమ్‌లు పోలిస్తే ‘నైవ్‌నీ (టైమ్‌జోన్ లేని టైమ్) అవేర్‌నీ (టైమ్‌జోన్ ఉన్న టైమ్) పోల్చలేను’ అని ఎర్రర్ వస్తోంది, టీమ్ లీడ్ టీజెడ్‌ఇన్ఫో, అంటే టైమ్‌కి తగిలించిన టైమ్‌జోన్, తీసేయమంటున్నారు, తీసేయొచ్చా అని అడిగారు. వద్దండీ. ఆ ఎర్రర్ మీ మేలు కోరే వస్తోంది. లెస్‌దాన్ బదులు ఈక్వల్స్‌తో పోల్చి ఉంటే అదీ రాదు, చప్పుడు చేయకుండా ఫాల్స్ ఇచ్చి ఊరుకునేది.

నన్నడిగితే భయపడాల్సింది ఎర్రర్ రాని చోట.

మేం హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ఒక గోడౌన్ గేటు లెక్కలు చూసేవాళ్లం. నవంబర్ మొదటి ఆదివారం, ఇంట్లో చికెన్‌కి మసాలా పట్టిస్తుంటే ఫోన్. 1:50కి లోపలికొచ్చిన లారీ 1:10కి బయటికెళ్లిందట! రికార్డు రిజెక్ట్. గేటు సెన్సర్ పాడైందని అక్కడివాళ్లు అప్పటికే తేల్చేశారు.

సెన్సర్‌కేం కాలేదు. ఆ రాత్రి రెండు కొట్టగానే వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. లారీ వచ్చింది మొదటి 1:50కి, వెళ్లింది రెండో 1:10కి. మన టైమ్‌లో 11:20, 11:40. డేటాబేస్‌లో ఒకదానికి -04, ఇంకోదానికి -05 అని (యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైమ్, దానికి ఎన్ని గంటలు వెనకో) శుభ్రంగానే ఉంది. కోడ్ మాత్రం రెండింటినీ ‘అమెరికా/న్యూయార్క్’కి మార్చి పోలుస్తోంది. రెండు వైపులా ఒకే టీజెడ్‌ఇన్ఫో కనిపిస్తే పైథాన్ దాన్ని పక్కన పెట్టేసి, గోడ గడియారం అంకెలే చూస్తుంది. రెండుసార్లు వచ్చే గంటలో ఇది మొదటిదా రెండోదా అని చెప్పే ఫోల్డ్‌ని కూడా పట్టించుకోదు. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదివేదెవరు?

టైమ్‌జోన్‌ల కోసం వాడే పాత లైబ్రరీ పైటీజెడ్ ఉన్నన్నాళ్లూ ఇది బయటపడలేదు. అది వేసవికీ చలికాలానికీ వేర్వేరు టీజెడ్‌ఇన్ఫోలు ఇస్తుంది కాబట్టి. కోడ్ కొత్తగా కనిపించాలని ఎవరో పైథాన్‌తోనే వచ్చే జోన్‌ఇన్ఫోకి మార్చారు, అది రెండు కాలాలకీ ఒకటే ఇస్తుంది. అలాగని పైటీజెడ్ బుద్ధిమంతురాలేం కాదు. ‘ఆసియా/కోల్‌కతా’ని నేరుగా టీజెడ్‌ఇన్ఫోలో పెట్టి చూడండి, 5:30 బదులు 5:53 వస్తుంది. ఎప్పటిదో కలకత్తా లోకల్ టైమ్ అది!

పోల్చేముందు రెండింటినీ యూటీసీకి మార్చాం, అంతే. ఒక్క లైను. దానికి అప్రూవల్ తెచ్చుకోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

మీరు ముందు ఆ నైవ్ టైమ్ ఎక్కడ పుడుతోందో పట్టుకోండి. చాలావరకు ఇప్పటి టైమ్ ఇచ్చే యూటీసీనౌ ఫంక్షన్ అయి ఉంటుంది. పేరులో యూటీసీ ఉన్నా ఇచ్చేది నైవే. పైథాన్ 3.12 నుంచి దాన్ని వాడొద్దంటున్నారు కూడా. దాని బదులు నౌ ఫంక్షన్‌కి యూటీసీ ఇచ్చి పిలవండి. ఫైల్లోంచి వస్తుంటే అది ఏ ఊరి టైమో పంపినవాళ్లని అడగండి. ‘ఐఎస్‌టీ’ అంటే మన టైమేనని ఊరుకోకండి, ఇజ్రాయెల్ వాళ్లకీ ఐర్లాండ్ వాళ్లకీ అదే పేరు. మీ టీమ్ లీడ్ ఒప్పుకోకపోతే 2025 నవంబర్ 2 తేదీతో ఆ 1:50, 1:10 టెస్ట్ రాసి చూపించండి.

జూలైలో కూడా ‘ఈఎస్‌టీ’ (న్యూయార్క్ చలికాలపు టైమ్) అని మీటింగ్ పెట్టే క్లయింట్లకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఇన్వైట్ వచ్చిన ప్రతిసారీ న్యూయార్క్‌లో ఇప్పుడు టైమెంతని గూగుల్‌ని అడగడమే.